లోర్నా తరఫున

డంకన్ పోయినప్పుడు లోర్నాని ఏమని పలకరించాలో వైట్‌హేవెన్‌లో ఎవరికీ పాలుపోలేదు.

ఏడేళ్ళ కిందట ఆమెనూ ఇద్దరాడపిల్లల్నీ వదిలేసి, రేవుకు అవతలి వీధిలో హెదర్ అనే ఆవిడతో కాపురం పెట్టిన మనిషి అతను. విడాకులు కూడా ఎప్పుడో అయిపోయాయి. కాబట్టి లోర్నా భర్త పోయిన మనిషి కాదు. అలాగని ఏమీ కాని మనిషీ కాదు. కొట్లో పాలు కొంటుంటే ఒకావిడ వచ్చి గట్టిగా కావలించుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అదేరోజు బస్సులో ఇంకొకావిడ మోచేత్తో పొడిచి, "పోనీలే, నీకు పీడా వదిలింది" అన్నట్టు కన్ను గీటింది. లోర్నా ఇద్దరికీ ఒకే జవాబు చెప్పింది, "థాంక్సండీ" అని. ఇంటికొచ్చి పాలు ఫ్రిజ్‌లో పెడుతూ, ఏ థాంక్సు దేనికి చెప్పానా అని తల గోక్కుంది.

చర్చిలో ముందు వరస బెంచీ మీద హెదర్ కూర్చుంది, ఆమె పక్కన లోర్నా పెద్దకూతురు నీవ్. లోర్నా చిన్నకూతురు టెస్‌ని ఒళ్ళో పెట్టుకుని మధ్యలో ఎక్కడో సర్దుకుంది. తండ్రి వెళ్ళిపోయేనాటికి టెస్ పాలు తాగే పిల్ల. అతన్ని పండగలకీ పుట్టినరోజులకీ చూడ్డమే తప్ప పెద్దగా ఎరగదు.

"అమ్మా, మనం ఏడవాలా?" అని చెవిలో అడిగింది.

"వస్తే ఏడువు" అంది లోర్నా.

ఇద్దరికీ రాలేదు. రాత్రి గిన్నెలు కడుగుతుంటే మాత్రం లోర్నాకి వచ్చింది, అదీ నాలుగు చుక్కలు. వచ్చినంత తొందరగానే ఆగిపోయింది. పోయిన మనిషి కోసమా, తన కోసమా, పొద్దుణ్ణుంచీ నిలబడి పీకుతున్న కాళ్ళ కోసమా అని కాసేపు ఆలోచించి, తేలక, పడుకుంది.

ఆలోచించడానికి తీరికైనా ఉండాలి కదా. పొద్దున్నే పిల్లల్ని లేపి తయారుచేసి, బస్సు పట్టుకుని, చిన్నపిల్లల బడి వంటింట్లో మధ్యాహ్నం దాకా వండి వార్చడం ఆమె ఉద్యోగం. వారంలో రెండు సాయంత్రాలు వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి టీలూ భోజనాలూ అందించే పని. మధ్యలో బట్టలుతుక్కోవడం, టెస్ ఈత క్లాసు, నీవ్ అలకలు. ఒక్కోరోజు సాయంత్రం సోఫాలో కూర్చున్నాక గాని తను పొద్దుణ్ణుంచీ కోటు విప్పలేదని తెలిసేది కాదు.

జూన్‌లో ఒక శనివారం నీవ్ వంటింటి గుమ్మంలో నిలబడి నసిగింది. పద్నాలుగేళ్ళ పిల్ల. ఏదైనా కావాలంటే ముందు కాలి బొటనవేలితో నేలని గీకుతుంది.

"అమ్మా, సెప్టెంబర్లో హాస్పిస్ వాళ్ళ నడక ఉంది. నాన్న కోసం నడుస్తాను."

ఇక బతికే ఆశ లేనివాళ్ళని చివరిదాకా చూసుకునే ఆ హాస్పిస్‌లోనే డంకన్ ఆఖరి నెల గడిపాడు. దాని ఖర్చుల కోసం ఏటా ఊరంతా కలిసి నడుస్తారు. వైట్‌హేవెన్ రేవు దగ్గర బయల్దేరి, సముద్రం పక్క కొండ అంచునే పడి సెయింట్ బీస్ ఇసుకతీరం దాకా. తెలిసినవాళ్ళందరి దగ్గరా చందాలు అడిగి మరీ నడుస్తారు.

"నడువమ్మా. మంచిదే కదా" అంది లోర్నా క్యారెట్లు తరుగుతూ.

"చిన్నపిల్లలతో పెద్దవాళ్ళు ఎవరైనా ఉండాలట."

"హెదర్ ఉందిగా."

"తను సరిపోదన్నారు. అమ్మ గాని, నాన్న గాని ఉండాలట." నీవ్ బొటనవేలు ఆగిపోయింది. "హెదర్ నాకు ఏమీ అవదట."

లోర్నా కత్తి పక్కన పెట్టింది. "నీవ్, నేను మేడమెట్లెక్కితేనే గోడ పట్టుకుంటాను. ఏడెనిమిది మైళ్ళు, అదీ కొండ మీద!"

"నడవలేనని చెప్పు. పరవాలేదు."

"నడవలేనని కాదు..."

"నాన్న కోసం నడవనని చెప్పు. అదీ పరవాలేదు."

పిల్ల ఏడవలేదు, అరవలేదు. చిరాగ్గా కూడా అనలేదు. అలా అనకపోవడమే లోర్నాని కొట్టింది. సరేనంది. ఎందుకు సరేనందో రాత్రి పక్క మీద ఎటు దొర్లినా అర్థం కాలేదు. తనని నడిసంద్రంలో వదిలేసి పోయిన మనిషి పేరు చెప్పి, ఉన్న ఒక్క సెలవురోజూ కొండలెక్కడం ఏమిటి? రేపు జనం అడిగితే ఏం చెప్పాలి?

జనం కంటే ముందు బ్రెండా అడిగింది. బడి వంటింట్లో పాతికేళ్ళుగా పెత్తనం చేస్తున్న మనిషి. భర్త పోయాడు, మోకాళ్ళు పోయాయి, నోరు మాత్రం చెక్కుచెదరలేదు.

"అయితే, నిన్ను వదిలి నడిచిపోయినవాడి కోసం నువ్వు నడుస్తావన్నమాట" అంది కస్టర్డ్ కలుపుతూ.

"నీవ్ కోసం నడుస్తున్నాను."

"అలా చెప్పు మరి. మొహం చూస్తే నీకే నమ్మకం ఉన్నట్టు లేదు."

"లేదు, బ్రెండా."

"సరేగాని, ముందు ఆ కేకుముక్క కింద పెట్టు. కొండ ఎక్కేది నువ్వూ నీ నడుమూ కలిసి. దాన్ని కాస్త తగ్గించి తీసుకెళ్ళు."

లోర్నా చేతిలో కేకుముక్కని చూసుకుంది. ఎప్పుడు తీసుకుందో గుర్తులేదు. బడిపిల్లలు వదిలేసినవి పారేయడం ఇష్టంలేక నోట్లో వేసుకోవడం ఏళ్ళనాటి అలవాటు. దాన్ని మానడమే మొదటి కొండ అయింది.

రెండో కొండ నిజంగా కొండే. రేవు దక్షిణం వైపు పాత గనుల పొగగొట్టం నిలబడి ఉంటుంది. దాని దగ్గరికి మెట్లున్నాయి. ఒక ఆదివారం పిల్లలు లేవకముందు అక్కడికి బయల్దేరింది. సగం మెట్లెక్కేసరికి నోరు పిడచకట్టుకుపోయింది. డొక్కలో పోటు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. తనకంటే ఇరవయ్యేళ్ళు పెద్దాయన ఒకడు ఈల వేసుకుంటూ ఆమెను దాటి పోయాడు. లోర్నా షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగింది. వేసుకున్నవి లేసుల్లేని షూలని తర్వాత గమనించింది.

మర్నాడు పిక్కలు పట్టేసి, బడి వంటింట్లో కర్రమనిషిలా నడిచింది. బ్రెండా తన మరదలు వాడి వదిలేసిన కొండబూట్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. "నీ సైజే. రెండు జతల మేజోళ్ళు వేసుకో. ఏడవకు" అంది. ఒక జతతో వేసుకుని మడమల మీద బొబ్బలు తెచ్చుకున్నాకే లోర్నాకి ఆ రెండో జత విలువ తెలిసింది.

వేరే సమయం ఎక్కడిది? ఉన్న పనుల్లోనే నడకని ఇరికించింది. రెండు స్టాపుల ముందే బస్సు దిగేది. వృద్ధాశ్రమంలో లిఫ్ట్ వదిలి మెట్లెక్కి టీలు తీసుకెళ్ళేది. చల్లారిపోయాయని ముసలివాళ్ళు తిట్టేవారు. టెస్ ఈత క్లాసులో ఉన్నంతసేపూ బయట కార్లు నిలిపే చోట చుట్లు కొట్టేది. మూడోవారం అక్కడి కాపలాయన ఆగలేక దగ్గరికొచ్చాడు.

"ఏమ్మా, వారవారం చూస్తున్నాను. ఏమైనా పోగొట్టుకున్నారా?"

లోర్నా నిలబడింది. "ఏమో, తెలీదండీ" అంది. ఆయన జాలిపడి, మిగిలిన చుట్లన్నీ తనూ పక్కనే నడుస్తూ నేల వెతికాడు.

జూలై చివర్లో నీవ్ మెల్లగా ఇంకో సంగతి బయటపెట్టింది. హెదర్ కూడా నడుస్తోందట. ఆదివారాలు ముగ్గురం కలిసి అలవాటు చేసుకుందామని నీవ్ తనే పిలిచేసిందట.

"నన్ను అడగకుండానా?"

"అడిగితే వద్దంటావుగా."

అందులో తప్పేమీ లేదు. వద్దనేదే.

హెదర్ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కళ్ళజోళ్ళ దుకాణంలో పని. ఏడేళ్ళలో లోర్నా ఆమెతో మాట్లాడింది పిల్లల్ని దింపేటప్పుడు గుమ్మంలోనే. జ్వరం మందు ఇచ్చారా, రేపెన్నింటికి పంపుతారు, అంతే. మనసులో అయితే చాలా మాట్లాడింది, అవేవీ పైకి అనేవి కావు. ఇప్పుడా మనిషి ఆదివారం పొద్దున్న మెట్ల కింద నిలబడి ఉంది, డంకన్ నీలం కోటు వేసుకుని. ఆ కోటు లోర్నా కొన్నదే. ఒక క్రిస్మస్‌కి కొంది. మోచేతి దగ్గర చిరిగితే తనే కుట్టింది కూడా. కుట్టు ఇప్పటికీ గట్టిగానే ఉంది. దాన్ని చూస్తే కోపం రావాలి కదా అనుకుంది. వచ్చింది కోపం కాదు, తన కుట్టు ఊడలేదన్న తృప్తి. ఇదేం బుద్ధి అని తనని తనే తిట్టుకుంది.

"మీకు ఇబ్బందైతే నేను వెనకాల దూరంగా నడుస్తాను" అంది హెదర్.

"ఇబ్బందేముంది. కొండ అందరిదీ" అంది లోర్నా. మాట అనుకున్నదానికంటే కటువుగా వచ్చింది.

నీవ్ మేకపిల్లలా ముందు పరుగెత్తేది. వెనక ఈ ఇద్దరూ. మొదటి ఆదివారం వాతావరణం గురించి, రెండోసారి బొబ్బల గురించి మాట్లాడుకున్నారు. మూడోసారి, ఎత్తు మీద ఇద్దరూ ఒకేచోట ఎగశ్వాసతో కూలబడ్డప్పుడు, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు. హెదర్ ముక్కు బీట్‌రూట్‌లా ఉంది. తనదీ అలాగే ఉండి ఉంటుంది. అటు తర్వాత తెలియకుండానే మీరు పోయి నువ్వు వచ్చింది.

కాని హెదర్ మనసులో ఏదో ఉంది. "లోర్నా, నీకొకటి చెప్పాలి" అని మొదలుపెట్టేది. లోర్నా ఆగేది. హెదర్ సముద్రం కేసి చూసి, "ఈ గాలి మధ్యాహ్నానికి తగ్గుతుందంటావా?" అనేది. అలా రెండు మూడుసార్లయింది. లోర్నాకి తోచినవన్నీ తోచాయి. ఊరు వదిలి పోతుందేమో. నీవ్‌ని తన దగ్గర ఉంచుకుంటానంటుందేమో. ఇంకో పెళ్ళేమో. అదే అయితే తను సంతోషించాలా, డంకన్ తరఫున నొచ్చుకోవాలా?

"పెళ్ళయితే కేకు నేను చేస్తానని చెప్పు" అంది బ్రెండా. "అంతకంటే నీకెందుకు? నువ్వు నడుస్తున్నావా లేదా?"

నడుస్తోంది. ఆగస్టు ఆఖరుకి ఆ పొగగొట్టం మెట్లు ఆగకుండా ఎక్కేసింది. పైకెక్కి వెనక్కి చూసి, ఇంకెవరో ఎక్కినట్టు ఆశ్చర్యపోయింది. బడి ఆప్రాను తాళ్ళు నడుం చుట్టూ తిప్పి ముందుకొచ్చి ముడిపడుతున్నాయి. టెస్‌ని వీపు మీద ఎక్కించుకుని ఇంటిదాకా మోసింది ఒకరోజు. ఒంట్లోకి వచ్చిన ఈ బలం దేనికో, దీనితో ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు.

నడక రోజు రానే వచ్చింది. రేవంతా పసుపుపచ్చ చొక్కాలు. బాకాల బృందం గాలికి తాళం తప్పుతోంది. అందరి వీపుల మీదా ఒక గుడ్డముక్క, దాని మీద ఎవరి కోసం నడుస్తున్నారో పేరు. నీవ్ వీపు మీద "మా నాన్న". హెదర్ వీపు మీద "డంకన్". లోర్నా ఏం రాయాలో తోచక ఖాళీ గుడ్డ చేత్తో పట్టుకుని నిలబడింది. టెస్‌ని తీసుకుని కార్లో ముందే సెయింట్ బీస్ పోతున్న బ్రెండా అది లాక్కుని, "ఆదివారం వంట తప్పించుకోడానికి" అని రాసి, పిన్నులు గుచ్చి, వీపు మీద ఒక్క చరుపు చరిచింది.

మొదటి మైళ్ళు హాయిగా సాగాయి. నీవ్‌కి బడి స్నేహితురాలూ, ఆ పిల్ల తల్లీ కలిశారు. వాళ్ళతో కబుర్లలో పడి కాస్త ముందు నడుస్తోంది. కింద ఎర్రరాతి కొండచరియల్లో సముద్రపక్షుల గోల. మలుపు తిరిగి, కింద చిన్న గులకరాళ్ళ ఒడ్డు కనబడే చోట హెదర్ ఆగింది.

"ఇవాళ చెప్పకపోతే ఇంక చెప్పలేను" అంది.

"చెప్పెయ్, తల్లీ. రెండు నెలల్నుంచీ నాకు నిద్ర లేదు."

"చివరి వారం డంకన్ మనుషుల్ని ఆనవాలు పట్టలేకపోయాడు. మందు మత్తు. నన్ను లోర్నా అని పిలిచాడు."

లోర్నా టోపీని చెవుల మీదికి లాక్కుంది.

"కాదు, హెదర్‌ని అన్నాను. వినలేదు. లోర్నా ఏది, లోర్నాని పిలవండి అని చిన్నపిల్లాడిలా గింజుకున్నాడు. చూడలేకపోయాను. మర్నాడు మళ్ళీ పిలిచాడు. ఊఁ అన్నాను."

"ఊఁ అన్నావా?"

"నేనే, చెప్పు అన్నాను. చెయ్యి పట్టుకుని, నన్ను క్షమించవా అన్నాడు." హెదర్ సముద్రం కేసి తిరిగింది. "క్షమించాను అన్నాను. నీ తరఫున. నాకే హక్కూ లేదని తెలుసు. ఆ మాట విని నిద్రపోయాడు. మళ్ళీ సరిగా లేవలేదు."

గాలి లోర్నా టోపీని వెనక్కి తోసింది. పట్టుకోవాలని కూడా తోచలేదు.

"నన్ను పిలవొచ్చుగా. ఆ పక్క వీధి బళ్ళోనే ఉన్నాను. బంగాళాదుంపలు మెదుపుతూ ఉండుంటాను."

"పిలిస్తే వచ్చేదానివా?"

లోర్నా నోరు తెరిచింది. వచ్చేదాన్నని చెప్పడానికి ధైర్యం చాలలేదు, రానని చెప్పడానికి సిగ్గేసింది. అప్పుడు వచ్చింది కోపం, ఏడేళ్ళుగా ఎక్కడ దాక్కుందో గాని. హెదర్‌ని అక్కడే వదిలేసి ముందుకి నడక మొదలుపెట్టింది.

నడిచింది కాదు, దున్నేసింది. గేట్లు తోసుకుంటూ, బురద తొక్కుకుంటూ, ముందున్నవాళ్ళని దాటుకుంటూ పోయింది. పక్కకి తప్పుకున్నవాళ్ళలో ఎవరున్నారో కూడా చూడలేదు. దారిలో ఓడల కోసం కట్టిన దీపస్తంభం ఎప్పుడు దాటిందో తెలియదు. నా మాట నా నోటితో చెప్పుకునే వీలు కూడా లేకుండా చేశారు ఇద్దరూ కలిసి, అనుకుంది. వెంటనే, పాపం, హెదర్ ఒక్కతే ఆ మంచం పక్కన ఎలా కూర్చుందో, అనుకుంది. మళ్ళీ, దాని గురించి నాకెందుకు జాలి, అనుకుంది. ఇన్ని అనుకుంటున్నా కాళ్ళు మాత్రం ఒక్కసారి కూడా తడబడలేదు. కొండ దిగి ఇసుకతీరం పక్క గట్టు మీదికి వచ్చేసరికి చప్పట్లు వినిపించాయి. టీ ఇచ్చే ఆడవాళ్ళు ఇంకా కప్పులు సర్దుకుంటున్నారు. గబగబా రిబ్బన్ పట్టుకొచ్చి అడ్డంగా సాచారు.

"మా అమ్మ ఫస్టు! మా అమ్మ ఫస్టు!" అని టెస్ గంతులేసింది.

నిజానికి ఇద్దరు కుర్రాళ్ళు ముందే వచ్చారు గాని ఎవరూ దిద్దలేదు. లోర్నా మెళ్ళో పతకం పడింది. ఎవరో చేతికి టీ ఇచ్చారు. బ్రెండా కుంటుకుంటూ వచ్చి ఎగాదిగా చూసింది.

"భేష్. మరి నీవ్ ఏది?"

లోర్నా వెనక్కి తిరిగి కొండ కేసి చూసింది.

పిల్లతో ఉండటానికి పెద్దవాళ్ళు కావాలి కాబట్టి కదా తను నడిచింది! ఆ పిల్లనే కొండ మీద వదిలేసి వచ్చింది.

"టీ పట్టుకో" అని కప్పు బ్రెండా చేతిలో పెట్టి, వచ్చిన దారినే తిరిగి ఎక్కడం మొదలుపెట్టింది. అది సెయింట్ బీస్ వైపు నిట్టనిలువు ఎత్తు. దిగేవాళ్ళందరూ ఎదురొస్తున్నారు. "ఇటు కాదు, బంగారం, అటు!" అని ఒకామె చెయ్యి చూపించింది. "పతకం చాలలేదా తల్లీ, ఇంకోటి కావాలా?" అని ఒకాయన నవ్వాడు. "పిల్ల, నా పిల్ల" అనుకుంటూ లోర్నా ఎక్కుతూనే ఉంది.

పైన ఒక గేటు పక్కన హెదర్ రాతి మీద కూర్చుని ఉంది, ఒక కాలి బూటు విప్పి. నీవ్ ఆమెకి బొబ్బ మీద పట్టీ వేస్తోంది. తల్లిని చూడగానే లేచింది.

"ఎక్కడికి పోయావమ్మా? మా పక్కనించే పోయావు, పిలుస్తుంటే వినకుండా! తనేమో ఏడుపు, ఏం జరిగిందంటే చెప్పదు. ఏమైంది మీ ఇద్దరికీ?"

"తప్పయిపోయింది, నీవ్. అదిగో, నీ స్నేహితురాలూ వాళ్ళమ్మా అక్కడ పక్షుల్ని చూస్తున్నారు. నువ్వూ రెండు నిమిషాలు చూసిరా."

"నాకు పక్షులొద్దు."

"నాకోసం చూడు."

పిల్ల విసవిసా నడిచి, కనిపించేంత దూరంలో చేతులు కట్టుకుని నిలబడింది, వీపు ఇటు పెట్టి. లోర్నా గేటు పట్టుకుని ఊపిరి తీసుకుంది.

"ఏమన్నాడో చెప్పు. ఉన్న మాటలు ఉన్నట్టు. దేనికి క్షమించమన్నాడు?"

హెదర్ కళ్ళు తుడుచుకుంది. "సిలోత్‌లో ఆరోజు నిన్నూ పిల్లబండినీ వానలో వదిలేసి వెళ్ళినందుకు, అన్నాడు."

"ఎక్కడా?"

"సిలోత్‌లో."

సిలోత్ ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉంది, అక్కడ పెద్ద పచ్చికమైదానం ఉంది, లోర్నాకి తెలిసింది అంతే. "నేను డంకన్‌తో సిలోత్ ఎప్పుడూ వెళ్ళలేదే" అంది.

"వెళ్ళలేదా?"

"పిల్లబండితో అసలు వెళ్ళలేదు. వానలో నన్నెక్కడా వదల్లేదు. వానొస్తే గొడుగు నాకిచ్చి తను తడిసేవాడు. ఆ ఒక్క విషయంలో మంచివాడే."

హెదర్ మొహం పాలిపోయింది. "నేను ఆర్నెల్లుగా ఆ వాన గురించే ఆలోచిస్తున్నాను. బండిలో ఉన్నది నీవ్ అయి ఉంటుందా, టెస్ అయి ఉంటుందా అని. ఎంతసేపు తడిశారో అని. ఎంత దుర్మార్గం చేశాడో అని."

"మరి మమ్మల్ని వదిలేసి నీ దగ్గరికి వచ్చిన సంగతి?"

"దాని ఊసే ఎత్తలేదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నవ్వు ముందు ఎవరికి వచ్చిందో చెప్పడం కష్టం. హెదర్ ఒక కాలికి బూటు లేకుండానే నవ్వుతూ పక్కకి ఒరిగింది. లోర్నా పతకం గేటుకి కొట్టుకుని గణగణలాడింది. నవ్వుతూ నవ్వుతూ లోర్నాకి కళ్ళనీళ్ళొచ్చాయి. ఈసారి నాలుగు చుక్కలతో ఆగలేదు. హెదర్ నీలం కోటు చెయ్యి అందిస్తే దానికే తుడుచుకుంది.

"అయితే నువ్వు క్షమించింది జరగని దానికన్నమాట" అంది చివరికి.

"మరి జరిగినదానికి?"

"అది అలాగే ఉంది."

"ఏం చేస్తావు?"

"తెలీదు, హెదర్. ముందు బూటు తొడుక్కో. టీ అయిపోతుంది."

ముగ్గురూ కలిసి దిగారు, హెదర్ చెరోపక్కా తల్లీకూతుళ్ళని పట్టుకుని. ఏం మాట్లాడుకున్నారని నీవ్ అడిగితే, "సిలోత్ గురించి" అంది లోర్నా. "సిలోత్ గురించా?" అని నీవ్ ఇద్దరికేసీ మార్చి మార్చి చూసింది. రిబ్బన్ దగ్గర లోర్నాకి రెండోసారి పతకం వేయబోతే బ్రెండా అడ్డుపడింది. "చాలు, ఆవిడ రెండు వైపులా నడిచింది, దానికి బదులు రెండు కేకుముక్కలివ్వండి" అంది. లోర్నా రెండూ తింది.

ఆ సిలోత్ సంగతి మాత్రం తేలలేదు. లోర్నా వాళ్ళమ్మకి ఫోన్ చేస్తే, "చిన్నప్పుడు అక్కడ ఐస్‌క్రీమ్ తిని కార్లో కక్కుకున్నావు" అంది. డంకన్ అన్నని హెదర్ కనుక్కుంటే, మా ఇంట్లో ఎవరమూ ఆ ఊరు వెళ్ళలేదన్నాడు. డంకన్ పినతల్లి మాత్రం వెళ్ళామంది గాని, ఆరోజు మాడు పగిలే ఎండంది. అక్టోబరులో ఒక ఆదివారం ఇద్దరూ పిల్లల్ని తీసుకుని హెదర్ కార్లో అక్కడికే పోయారు. పచ్చికమైదానం చూశారు, వేడివేడిగా చేపలూ బంగాళాదుంప వేపుడూ తిన్నారు. వాన పడలేదు. ఎవరికీ ఏమీ గుర్తు రాలేదు. తిరిగొస్తుంటే వెనక సీట్లోంచి టెస్ అడిగింది.

"అమ్మా, హెదర్ మనకి ఏమవుతుంది?"

నీవ్ చెవుల్లోంచి పాటల తీగలు తీసి మరీ వింది.

"ఆకలేస్తోందా, టెస్?" అంది లోర్నా.

"ఇప్పుడే తిన్నాంగా."

"అవును కదూ" అంది లోర్నా.

నడక అయిపోయినా లోర్నా ఆదివారాలు కొండెక్కడం మానలేదు. ఒక్కోసారి హెదర్ వస్తుంది, ఒక్కోసారి ఒక్కతే. నవంబరులో ఒక చలిపొద్దున పైన ఎవరూ లేరు. సముద్రం బూడిదరంగులో ఉంది. డంకన్ ఎదురుగా ఉంటే తను ఏమనేదో అని చాలాసార్లు అనుకున్నదే మళ్ళీ అనుకుంది. గొంతు సవరించుకుని, ఎలా ఉంటుందో విందామని, పైకే అంది.

"సరేలే, పో."

ఆ మాటలో క్షమించడం ఎంతుందో, వెళ్ళగొట్టడం ఎంతుందో ఆమెకే తెలియలేదు. వెనక రాళ్ళ చప్పుడైంది. కుక్కని తీసుకొచ్చిన ఒక పెద్దాయన ఆగి, కొంచెం నొచ్చుకున్నట్టు చూస్తున్నాడు.

"నన్నా అమ్మా?"

"అయ్యో, మిమ్మల్ని కాదండీ."

"మరెవర్ని?" అని ఆయన చుట్టూ చూశాడు. చుట్టూ ఎవరూ లేరు.

లోర్నా కూడా చుట్టూ చూసింది. తర్వాత, కుక్క మంచిదేనా, కరవదు కదా అని అడిగి, దాని తల నిమిరి, ఆయనతో కబుర్లు చెప్పుకుంటూ కొండ దిగింది.